గేటు కాడ తెగిన నవల

"ఇంక సోచాయించుడెందుకు బిడ్డా? ఫోన్ తియ్యి, రాయమల్లు అని కొట్టు, పంపియ్యి. రేపు ఛానెలోళ్లు నన్ను చూసి ఏమంటరో తెలుసా? అయ్యో, మీరీడనే ఉంటరా సార్ అంటరు. నేను వాళ్లకు కొత్త గాదు."

ఫస్ట్ షిఫ్టు ఇడిసినంక, సెంటినరీ కాలనీ మూల మీద బద్రుద్దీన్ చాయ్ హోటల్ల రాయమల్లు గిట్ల మొదలు పెట్టిండు. ఎదురుంగ చాయ్ గ్లాసు పెట్టుకొని సంధ్యారాణి కూసుంది. కాలనీ క్లబ్బుల లైబ్రరీ చూసుకునే పిల్ల ఆమె. రేపు పొద్దున క్లబ్బుకు ఒక టీవీ ఛానెలోళ్లు వస్తున్నరు. ఏ నవలను సీరియల్ తీస్తె బాగుంటదో సదివేటోళ్లను అడిగి, కెమెరా ముంగట కథ చెప్పించుకుంటరు. కాలనీకి ఒక్కరే. ఆ పేరు పొద్దుగూకేలోపల పంపాలె.

"పంపిస్త కాకా" అంది సంధ్యారాణి. "కాని చెప్పేటోళ్లు మొదటికెళ్లి కొస దాక తెగకుంట చెప్పాలెనట. నడుమ ఆగితె వాళ్లు కెమెరా సర్దుకొని పక్క కాలనీకి పోతరు. మన లైబ్రరీ దిక్కు మల్ల ఎవ్వరు చూడరు. జర నాకు ముందు చెప్పు. ఏ నవల అది?"

"పేరు అడుగకు. అట్ట పోయింది. అట్ట ఎనుక రెండు మూడు కాయితాలు గూడ పోయినయ్. రాసినోళ్లెవరో దేవునికెరుక. అయినా బంగారమసొంటి నవల. మా ఇంట్ల ట్రంకుపెట్టెల ఉంటది."

"నువ్వు సదివినవా రాయమల్లన్న?" చాయ్ వడవోసుకుంట అడిగిండు బద్రుద్దీన్.

"సదివిననా అంటవేంది బద్రుభాయ్! ఒక్క కూసునుడుల సదివిన. కాయితాలు ఎంత జల్ది తిప్పిన్నంటె, గా గాలికి మా ఇంటామె సారవ్వ కొంగు కప్పుకొని, ఫ్యాను బంద్ చెయ్యుండ్రి సలి పెడ్తుంది అన్నది. చూస్తె ఫ్యాను ఎయ్యనే లేదు!"

బెంచీ కొసకు కూసున్న సదయ్య గ్లాసు కింద పెట్టిండు. సదయ్య, రాయమల్లు బొగ్గుబాయిల ఒకటే రిలే. వారం వారం ఇద్దరికి షిఫ్టు ఒక్కతీరుగనే మారుతది. కాలనీల ఇద్దరి క్వార్టర్లకు నడుమ ఒకటే గోడ. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"నిజంగనే సదివినవా బావా?" అన్నడు.

"నా కండ్లతోని! ఇగ ఇను బిడ్డా, అసలు ముచ్చట. పోయిన నెల మా తోడల్లుని బిడ్డ నిశ్చయానికి పట్నం పోతున్న. పెద్దపల్లిల రైలెక్కిన. కిటికీ కాడ నా ఎదురుంగ ఒకాయన, నున్నటి గడ్డం, ఒళ్లె ల్యాప్‌టాప్, నెత్తి పట్టుకొని కూసున్నడు. ఏమైంది సార్, కడుపు నొస్తుందా, వాము ఉంది తింటవా అన్న. నేను మనిషి బాధ చూడలేను, గది నా బలహీనత. కడుపు గాదు పెద్దాయనా, నేను టీవీ సీరియళ్లకు కథలు వెతికేటోణ్ణి, ఏ నవల తియ్యాలెనో సమజైతలేదు అన్నడు. ఒక్క మాట సాయం చేసిన. గంతే. ఎక్కువ చెప్పను."

"ఏం మాట?"

"సార్, మీ సీరియళ్లల్ల ఎవడన్న డ్యూటీకి పోతడా? అని అడిగిన."

బద్రుద్దీన్ నవ్విండు. "సచ్! సూటు ఏస్కొని మెట్లు దిగుతడు, మల్ల ఎక్కుతడు."

"ఆఁ! గదే అన్న. పొద్దున లేస్తె పట్టుచీరలు, వంటింట్ల గూడ పట్టుచీరలే, పొయ్యి మీద మాత్రం గిన్నె ఉండది. ఒక్క చెంపదెబ్బ కొడ్తె దాన్ని మూడు దిక్కులకెళ్లి చూపిస్తరు, కొట్టినామె చెయ్యి నొయ్యదా? మనం ఎనిమిది గంటలు కింద పని చేసి మీదికొస్తె, టీవీల ఉన్నోళ్లు ఇంక గా సోఫాలనే ఉంటరు. సార్, మనిషికి పని ఉన్న నవల తియ్యుండ్రి. ఆకలైతది, సలి పెడ్తది, డ్యూటీకి లేటైతె గుండె దడదడ కొట్టుకుంటది అసొంటిది తియ్యుండ్రి అన్న."

"ఇది మంచిగ చెప్పినవ్ కాకా" అంది సంధ్యారాణి. ఈసారి నిజంగనే గ్లాసు పక్కకు పెట్టి ముంగటికి ఒంగింది. "దయ్యాల నవలలు, రాజుల నవలలు వద్దంటవా మరి? అవి గూడ మస్తు సదువుతరు మనోళ్లు."

"దయ్యం డ్యూటీకి పోతె తియ్యుమను, నాకేం బాధ లేదు. రాజు గూడ అంతే. ఇంకోటి గూడ చెప్పిన. నవలకు కొస ఉంటది సార్, మీ సీరియల్‌కు ఉండది. కొస లేని కథ బాయిల తొవ్వ తప్పినట్టే అన్న. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఆయన ల్యాప్‌టాప్ మూసిండు. మూసి, రెండు చేతులు కట్టుకొని, గసొంటి నవల ఒకటి చెప్పుండ్రి గురువుగారూ అన్నడు. నాకు సిగ్గయింది. అయినా చెప్పిన."

"మాక్కూడ చెప్పు."

"ఇను. యశోద అని ఒకామె. ఆమె మొగడు నర్సింలు రైల్వే గేటు కాపల. అడివి నడుమ గేటు, పక్కపొంటి ఒక్క అర్ర ఇల్లు. మొగనికి సలిజ్వరం పట్టుకుంది. వారాలు దాటినా లేస్తలేడు. పెద్దసార్లకు తెలిస్తె నౌకరి పోతది, నౌకరి పోతె ఇల్లు పోతది. ఆమె ఏం చేసిందంటె, మొగని కోటు తొడుక్కొని, జుట్టంత ముడేసి టోపీల పెట్టుకొని, జెండా పట్టుకొని గేటు కాడ నిలబడ్డది. రైళ్లు వస్తున్నయ్, పోతున్నయ్. డ్రైవర్లు, ఏం నర్సింలూ అంటె, నోరు తెరువకుంట దగ్గుతది. ఊకె దగ్గుతది. నర్సింలుకు దమ్ము పట్టుకుంది పాపం అనుకున్నరు డ్రైవర్లు."

"అరే వాహ్" అన్నడు బద్రుద్దీన్. గిరాకొచ్చి నిలబడ్డా చాయ్ పోస్తలేడు.

"ఒకనాడు ట్రాలీ మీద ఇన్‌స్పెక్టర్ సార్ వచ్చిండు. గేటు కాడ దిగిండు. ఆమె దిక్కు చూసిండు. మీదికి కిందికి చూసిండు. టోపీ తియ్యి నర్సింలూ అన్నడు."

పక్క బెంచీలోళ్లు గూడ ఇటు తిరిగిండ్రు.

"గిక్కడికి చెప్పిన్నో లేదో, రైల్ల చూడాలె మీరు! జమ్మికుంటల దిగాల్సినోళ్లు దిగలె. టీసీ వచ్చిండు, టికెట్లు అడుగుడు మర్శిండు, నా కాళ్లకాడ కూసున్నడు. సమోసాలు అమ్మేటాయన బుట్ట దించిండు, సమోసాలు సల్లారినయ్, ఒక్కలు కొనలె. పక్క డబ్బలకెళ్లి జనం, మీద బెర్తుల జనం, కిటికీలకెళ్లి జనం. ఆఖరికి రైలు ఆగింది. సిగ్నల్ లేదు, స్టేషన్ లేదు, ఆగింది. ఎందుకంటె డ్రైవరు ఇంజన్ దిగి, పట్టాల పొంటి నడుసుకుంట నా కిటికీ కాడికొచ్చి, టోపీ తీసిందా కాకా అని అడిగిండు!"

"తీసిందా మరి?" అన్నడు సదయ్య.

"ఏంది?"

"టోపీ. తీసిందా? ఇన్‌స్పెక్టర్ ఏమన్నడు?"

"ఆగరాదు బావా, నేను రైలు ముచ్చట చెప్తుంటె! మా ఎనుక బొగ్గు రైళ్లు వరుసపెట్టి ఆగినయ్. ఒకటెనుక ఒకటి, రామగుండం దాక. బొగ్గు పోక పవర్ హౌస్ ఆగి జ్యోతినగర్‌ల కరెంటు గుడ్డిగైంది. ఇంజనీర్ల ఇండ్లల్ల మిక్సీలు ఆగి, పచ్చడి సగం నూరిందే ఉండిపాయె."

"అన్నా, పోయిన నెలంత కరెంటు బరాబర్ ఉండె" అన్నడు బద్రుద్దీన్.

"నీకు జనరేటర్ ఉంది గదా!"

"నాకా? నాకు గ్యాస్ పొయ్యే పక్కింటోనిది."

అందరు నవ్విండ్రు. రాయమల్లు మూతి తుడుసుకొని ఇంకో చాయ్ చెప్పిండు.

సంధ్యారాణి నవ్వుకుంటనే అడిగింది. "రైలు సంగతి మంచిగుంది కాకా. కాని యశోద సంగతి?"

"వస్తున్న. పట్నంల రైలు దిగంగనే నన్ను వదిల్తడా గాయన? నిశ్చయానికి పోవాలె సార్, తోడల్లుడు అలుగుతడు అంటె, అలుగనియ్యి అన్నడు. కారెక్కించి సీదా ఛానెల్ ఆఫీసుకు తీస్కపోయిండు. లిఫ్టు నన్ను చూసి అదే తెరుసుకుంది. లోపల పెద్ద పెద్దోళ్లు, గుండ్రటి టేబుల్, నడుమ జీడిపప్పు. నేను ముట్టలె. నవల ముంగట తిండెందుకని ముట్టలె. చెప్పుండ్రి అన్నరు. చెప్పిన. అప్పటికి ఇన్‌స్పెక్టర్ సార్ యశోద ఇంటి ముంగట పీట మీద కూసోని జొన్నరొట్టె తింటున్నడు. చెల్లె, ఇంకింత పచ్చిపులుసు పొయ్యి అంటున్నడు. లైన్ మీద ఏ బండి ఎప్పుడొస్తదో, ఏ జెండా ఎట్ల ఊపాలెనో ఆయనే నేర్పిస్తున్నడు."

"ఆగు, ఆగు" అంది సంధ్యారాణి. "టోపీ తియ్యమన్న సారు చెల్లె అనుడేంది? నడుమ ఏమైంది?"

"నేను గదే అడుగుతున్న" అన్నడు సదయ్య.

"అబ్బ! గది సస్పెన్సు. అన్ని ఈడనే చెప్తె రేపు కెమెరాకు ఏం మిగుల్తది?" రాయమల్లుకు కోపం వచ్చింది. కోపం వస్తె ఆయన గొంతు ఇంకింత పెరుగుతది. "ఇనండ్రి. ఇటు మొగనికి జ్వరం తగ్గింది. లేచి కూసున్నడు. చూస్తె గేటు కాడ పెండ్లాం. డ్రైవర్లు ఆమెకు చెయ్యి ఊపుతున్నరు. ఊరోళ్లు ఆమెకు పాలు తెచ్చిస్తున్నరు. వానికి కడుపుల మంట వడ్డది. నా పేరు మీద నువ్వు బతుకుతున్నవే, నా జెండా నాకియ్యి అన్నడు. ఆమె ఏమనలె. ఒకనాడు పొద్దుగూకంగ వాన దంచి కొడ్తుంది. పెండ్లి బస్సొకటి గేటు కాడికొచ్చింది. గేటు సగం లేచుంది. వాడు ఉరికొచ్చి ఆమె చేతిలకెళ్లి జెండా గుంజుకున్నడు. బస్సు పట్టాల నడుమ ఆగింది. దూరంకెళ్లి రైలు కూత ఇనపడ్డది..."

బద్రుద్దీన్ పొయ్యి మీద పాలు పొంగి కింద పడ్డయ్. ఆయన చూడలె.

"అప్పుడు?" అన్నరు అందరు.

"అప్పుడు ఛానెల్ల ఏమైందో తెలుసా? పక్క అర్రల ఒక సీరియల్ షూటింగు నడుస్తుంది. అత్తకు, కోడలికి లొల్లి. వాళ్లు నా గొంతు ఇని వచ్చి తలుపు కాడ నిలబడ్డరు. అత్త ఎక్కెక్కి ఏడ్సింది. మొఖం మీది రంగంత కారి చీర మీద పడ్డది. ఏడ్సుకుంట పోయి కోడలిని కావలించుకుంది. బిడ్డా, మనకెందుకే ఈ పంచాయితి, నిన్నెన్ని తిట్లు తిట్టిననే అన్నది. ఏండ్ల సంది నడుస్తున్న సీరియల్ ఆ పూటనే ఖతం! దాన్ని రాసేటాయన వచ్చి నా చొక్కా పట్టుకున్నడు, నా పొట్ట కొట్టినవు గదయ్యా అని."

"రైలొచ్చిందా బావా?" సదయ్య లేచి నిలబడ్డడు. "గేటు కాడ ఏమైంది?"

"కూసోరాదు సదయ్యా! నీకు సీరియల్ ఓపిక లేదు. ఇది టీవీ, ప్రత్యక్షంగ పోతుంది అప్పుడు. నాకు తెల్వది, ఎవలో కెమెరా నొక్కిండ్రు. నా మాట సీదా ఆకాశంల ఉన్న శాటిలైట్‌కు పోయింది. శాటిలైట్ ఏం చెయ్యాలె? తిరుగుకుంట పోవాలె. తిరుగలె! ఆగింది. చెవి కిందికి ఒంచింది. రాష్ట్రంల డాబాల మీద ఉన్న డిష్షులన్ని కిర్రుమని నా దిక్కు తిరిగినయ్. నేను బాత్‌రూంకు పోతె గిటు తిరుగుతయ్, వస్తె గటు తిరుగుతయ్. కాకులు వాటి మీద వాలి కండ్లు తిరిగి పడ్డయ్. ఏ ఛానెల్ పెట్టినా రాయమల్లే. వార్తల రాయమల్లు, క్రికెట్ల రాయమల్లు, పొద్దున భక్తి ప్రోగ్రాముల రాయమల్లు!"

"మా ఇంట్ల ఆ దినం క్రికెట్ మంచిగనే వచ్చింది" అన్నడు బద్రుద్దీన్, పాలు తుడుసుకుంట.

"నువ్వు పాత రికార్డింగు చూసి ఉంటవ్ భాయ్. ఇగ కొస ఇను బిడ్డా, గీ కొసకే మొత్తం పట్నం లేచి నిలబడ్డది. నవలల రైల్వే పెద్దసార్లు కుర్చీలేసుకొని కూసున్నరు. యశోదను ముంగట నిలబెట్టిండ్రు. రిజిస్టర్ల గేటు కాపల నర్సింలు అని ఉంది, ఆ పొద్దు గేటు కాడ ఉన్నదెవరు అని అడిగిండ్రు. మొగడు పక్కపొంటి తల ఒంచుకొని ఉన్నడు. ఆమె టోపీ తీసి సార్ల టేబుల్ మీద పెట్టింది. అన్ని దినాలు దగ్గుకుంట బతికినామె, అప్పుడు గొంతు సవరించుకొని అన్నది, నేనున్న సార్, నా పేరు యశోద అని."

రాయమల్లు అక్కడికి ఆపిండు. ఈ ఒక్క మాట చెప్పేటప్పుడు ఆయన ఏం పెంచలె, ఏం కలుపలె. కండ్లు తుడుసుకున్నడు.

సంధ్యారాణి గూడ కండ్లు తుడుసుకుంది. "కాకా, ఇది సీరియల్ తియ్యాల్సిన నవలనే. నేను గూడ ఇంతవరకు ఇనలె. కాని ఛానెలోళ్లు మొదలు అడిగేది గదే. టోపీ కాడ ఏమైంది? ఆ వానల గేటు కాడ ఏమైంది? బస్సుల ఉన్నోళ్లు బతికిండ్రా? గవి చెప్పకుంటె ఈ కొసకు అర్థముండది. గవి చెప్పు, నీ పేరు ఇప్పుడే కొడ్త."

"రేపు చెప్త."

"ఇప్పుడు చెప్పు కాకా. నాకు ఒక్క పేరే ఉంది."

"నాకు గొంతు నొస్తుంది."

"ఇంకో చాయ్ పోస్త, అల్లం ఏసి" అన్నడు బద్రుద్దీన్. "గేటు సంగతి చెప్పన్నా. నా పాలు గూడ పోయినయ్."

రాయమల్లు రోడ్డు దిక్కు చూసిండు. సెకండ్ షిఫ్టోళ్లను దింపిన బస్సు ఖాళీగ తిరిగొస్తుంది. దాన్నే చూసుకుంట కూసున్నడు.

సదయ్య ఆయన పక్కకొచ్చి మెల్లగ కూసున్నడు. ఎగతాళి లేదు ఆయన మాటల, నిజంగ పరేషాన్‌ల ఉన్నడు.

"బావా, నాకు గూడ గక్కడ్నే తెగింది."

"ఏం తెగింది?"

"కథ. టోపీ తియ్యమన్న కాడ ఒకసారి, బస్సు ఆగిన కాడ ఒకసారి. సారవ్వక్క ఎనిమిదింటికి మీ వాకిట్ల కూసోని సదువుతది గదా. నా పెండ్లాం లస్మవ్వ, ఇంకో నలుగురు ఆడోళ్లు సీరియల్ బంద్ చేసి వచ్చి ఇంటరు. నేను గోడ ఇవతల మంచంల పండుకొని ఇన్న. ఫస్ట్ షిఫ్టు వారం ఇన్న, నైట్ షిఫ్టు వారం డ్యూటీకి పోకముందు ఇన్న. సెకండ్ షిఫ్టు వారమొచ్చిందంటె, ఎనిమిదింటికి మనిద్దరం బాయిల ఉంటిమి."

బద్రుద్దీన్ చేతిల గుడ్డ ఆగింది.

"నువ్వు నీ కండ్లతోని సదివిన అన్నవ్" అన్నడు సదయ్య. "ఒక్క కూసునుడుల సదివిన అన్నవ్. మస్తు సంబురపడ్డ బావా. నెల దినాల సంది గా గేటు ముచ్చట ఎవరినడగాలె అని తిరుగుతున్న. లస్మవ్వను అడిగితె, ఏం నవలలే పనిలేని ముచ్చట అన్నవ్ గదా, నీకెందుకు చెప్పాలె అన్నది. నీకు తెలుసనుకున్న. చూస్తె నీ కథ గూడ మన రిలే లెక్కనే నడుస్తుంది. మూడో వారం మూడో వారం తెగుతుంది."

ఎవ్వరు నవ్వలె. తర్వాత బద్రుద్దీన్‌కు ఆగలె, గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నడు. "అంటె అన్నా, శాటిలైట్ గూడ సెకండ్ షిఫ్టుల లేకుండెనా?"

ఇగ హోటల్ అంత నవ్వు లేచింది. రాయమల్లు చెవులు ఎర్రగైనయ్. లేచిండు, మల్ల కూసున్నడు.

సంధ్యారాణి నవ్వలె. ఫోన్ ఆయన ముంగట పెట్టింది. "పొద్దుగూకుతుంది కాకా. ఒక్క పేరు. నువ్వే చెప్పు, ఏం కొట్టాలె?"

రాయమల్లు సల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగిండు.

"సారవ్వ అని కొట్టు."

"రాయమల్లు పెండ్లాం అని పక్కపొంటి పెట్టాలెనా?"

"వద్దు. సారవ్వ అంటె సాలు." గ్లాసు పెట్టి, ఎవ్వరి మొఖం చూడకుంట అన్నడు. "అది రోజు గట్టిగనే సదువుతది బిడ్డా, అందరికి ఇనపడాలెనని. నేను మొఖం మీద తువ్వాల కప్పుకొని నిద్రపోయినట్టు పండుకుంట. ఒక్కనాడు గూడ, ఏమే, మంచిగ సదువుతున్నవ్ అనలె."

సంధ్యారాణి పేరు కొట్టి పంపింది. సదయ్య ఆయన భుజం మీద చెయ్యి ఏసిండు. "ఈ వారం మనం ఫస్ట్ షిఫ్టే గదా బావా. ఎనిమిదింటికి నేను గూడ సాప తెస్త. తెగిన కాడికెళ్లి మల్ల సదువుమని అడుగుదాం. ఎవరడుగాలె, నువ్వా నేనా?"

రాయమల్లు అప్పటికే చెప్పులు తొడుక్కున్నడు.

"ఎనిమిది దాక ఎవడాగుతడు? లే. నేనే అడుగుత. గా గేటు కాడ ఏమైందో తెల్వక నేను దినాం బాయిల సస్తున్న."